పన్నెండు మంది విసురుతుంటే ఒక్కరినే చూపిస్తే ఎట్లా?

లాంగ్‌జంప్_సార్ (చంద్రగిరి) | 19 సెప్టెంబరు 2025, ఉదయం 5.40

నిన్న సాయంత్రం నుంచి మనసు కుదుటపడలేదు. రాత్రే రాద్దామనుకున్నా, కోపంలో ఏదేదో రాసేస్తానని ఆగాను. పొద్దున లేచినా తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. బడి పక్క సందులోనే ఇల్లు. టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్‌లో బల్లెం (జావెలిన్) ఫైనల్ మన టైములో నాలుగింటికి ఏడు నిమిషాల ముందు మొదలవుతుందని పిల్లలకు వారం ముందే చెప్పిపెట్టాను. గురువారం చివరి పీరియడ్ ఆటలదే. హెడ్మాస్టర్ గారిని అడిగి పదకొండు మందిని ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ చాపలు పరిచి, బొరుగులు కలిపి పెట్టింది.

వాళ్లలో ఎనిమిదో తరగతి పాప ఒకటుంది. వెదురు బొంగుకు పట్టు కోసం తాడు చుట్టి నేను చేసిచ్చిన బల్లెంతో రోజూ పొద్దున ఆరింటికి గ్రౌండులో ఉంటుంది. ఆ పాప రూళ్ల నోటుబుక్కులో పేజీ అడ్డంగా తిప్పి గడులు గీసుకొచ్చింది. ఎడమ పక్క పన్నెండు పేర్లు. పైన ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ఎవరు ఎంత విసిరితే అంత ఆ గడిలో వేస్తుందట. నేను చెప్పలేదు, తనే ఆలోచించుకుంది.

మొదటి రౌండులోనే సచిన్ యాదవ్ 86.27 మీటర్లు వేశాడు. ప్రపంచ పోటీలకు రావడం అతనికి ఇదే మొదటిసారి, జీవితంలో అదే అత్యుత్తమం. పిల్లలు లేచి గెంతారు. పాప ఆ అంకెను రెండుసార్లు దిద్ది రాసింది. అంతే, అక్కడి నుంచి గడులు ఖాళీ అవుతూ వచ్చాయి. నీరజ్ చోప్రా విసిరితే ముందొక నిమిషం, తర్వాత మూడు రీప్లేలు. అతను కూర్చున్నా చూపించారు, నీళ్లు తాగినా చూపించారు. ఈలోగా ప్రకటనలు. తిరిగొచ్చేసరికి నలుగురో అయిదుగురో విసిరేసి ఉంటారు. పట్టిక ఒక్క క్షణం మెరిసి పోతుంది, పాప మూడు పేర్లు చదివేలోపు మాయం. అయిదో రౌండుతో నీరజ్ ఎనిమిదో స్థానంలో ఆగిపోయాడు. ఇక మాటలన్నీ ఆయన గురించే. అప్పటికి మనవాడొకడు కాంస్యానికి 40 సెంటీమీటర్ల దూరంలో, చేతిలో ఇంకో త్రో మిగిలి ఉన్నాడు! ఆ ఆరో త్రో మా టీవీలో మాకు కనబడలేదు. అయిపోయాక నాలుగో స్థానమని కింద రాత వచ్చింది.

పాప నోటుబుక్కు నా దగ్గర పెట్టి వెళ్లింది. 72 గడుల్లో సగానికి పైగా ఖాళీ. పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకాలు పెట్టుకుంది. నీరజ్ మీద నాకున్న గౌరవం మీ అందరికీ తెలుసు, ఆయన ఫొటో మా స్టోర్ రూం తలుపు మీద ఉంది. నా బాధ పోటీని పోటీలా చూపించడం లేదనే.

అలిపిరి_అంజి | 19 సెప్టెంబరు, ఉదయం 6.15

సార్, కడుపులో మాట రాసినారు. మా ఇంట్లోనూ ఇదే కథ. మా నాయన "ఇంకొకడు ఉన్నాడు కదరా, వాడేమయ్యాడు?" అని నాలుగుసార్లు అడిగినాడు. నాకూ తెలీదు, ఏం చెప్పేది.

నగరి_నుంచి | 19 సెప్టెంబరు, ఉదయం 7.50

అన్నలారా, ఇంకో వైపు కూడా చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో 87.58 విసిరి స్వర్ణం తెచ్చేదాకా మన ఊళ్లలో బల్లెం పోటీ చూసినవాళ్లు ఎంతమంది? మా వీధిలో సున్నా. ఇప్పుడు గురువారం సాయంత్రం నాలుగింటికి టీవీ ముందు కూర్చుంటున్నామంటే అది నీరజ్ పుణ్యమే. జనం ఎవరి కోసం కూర్చుంటారో వాళ్లనే చూపిస్తారు. సినిమా హాల్లో హీరో ఎంట్రీకి ఈలలు వేసే మనమే, టీవీవాడు హీరోను చూపిస్తే తప్పంటే ఎలా? ఛానల్ వాళ్లు హక్కులు డబ్బు పోసి కొంటారు, ప్రకటనలు లేకపోతే అసలు ప్రసారమే ఉండదు.

పన్నెండు మంది త్రోలు మొత్తం చూసే ఓపిక అందరికీ ఉండదన్నది నా మాట. కోపం తెచ్చుకోకండి.

లాంగ్‌జంప్_సార్ | 19 సెప్టెంబరు, మధ్యాహ్నం 1.20

కోపం లేదు తమ్ముడూ. నువ్వన్నదాంట్లో సగం నిజం. నీరజ్ వల్లే ఆ చాప మీద పదకొండు మంది కూర్చున్నారు. కూర్చున్నాక వాళ్లకేం చూపించాం అన్నదే నా ప్రశ్న.

ఓపిక సంగతి చెప్తా విను. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల ట్రిపుల్ జంప్ గుర్తుందా? ఎల్దోస్ పాల్ మూడో ప్రయత్నంలో 17.03 దూకాడు. అబ్దుల్లా అబూబకర్ అయిదో ప్రయత్నంలో 17.02. ఒక్క సెంటీమీటరు తేడాతో స్వర్ణం, రజతం రెండూ మనవే. ప్రవీణ్ చిత్రవేల్ 16.89తో నాలుగు. కాంస్యం 16.92 దగ్గర పోయింది, మూడు సెంటీమీటర్లు. అంటే మనవాళ్లు ముగ్గురు, నాలుగు స్థానాల లోపల, ఒకరి మీద ఒకరు ఆడిన ఆట అది. అబ్దుల్లా రన్‌వే మీద నిలబడినప్పుడు 17.03 అక్కడ ఉందని తెలిస్తేనే ఆ దూకులో ఉన్న కష్టం తెలుస్తుంది. తెలియకపోతే ఒకాయన పరుగెత్తి ఇసుకలో పడ్డాడు, అంతే.

ఫీల్డ్ ఈవెంట్ అంటే లెక్క. ఎవరు ముందున్నారు, ఎంత కావాలి, ఎన్ని ప్రయత్నాలు మిగిలాయి. క్రికెట్‌లో తెర మూల నుంచి స్కోరు తీసేసి, ఒక్క బ్యాటర్ షాట్లు మాత్రమే చూపిస్తే మనం ఊరుకుంటామా? లక్ష్యం ఎంత, బంతులెన్ని అని కేకలేస్తాం. ఇక్కడ మాత్రం ఆ లెక్క లేకుండానే చూడమంటున్నారు.

హర్డిల్స్_అక్క (తిరుపతి) | 19 సెప్టెంబరు, రాత్రి 9.05

సార్ గారికి నమస్తే. ఎస్వీయూ రోజుల్లో తారకరామ స్టేడియంలో వంద మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన దాన్ని. ఎడమ మోకాలి కింద మచ్చ ఇప్పటికీ ఉంది. తొమ్మిదో హర్డిల్ తన్నుకుని పడ్డప్పటిది.

నా కడుపుమంట జ్యోతి యర్రాజీ పరుగు గురించి. మన విశాఖ అమ్మాయి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ రోజు మా బంధువులందరం ఒక చోట ఉన్నాం, మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్. పక్క లేన్లో చైనా అమ్మాయి వూ యన్ని తుపాకీ పేలకముందే కదిలింది. ఆ కదలికకు జ్యోతి కూడా కదిలింది. ఇద్దరికీ ఎర్ర కార్డు చూపించారు. జ్యోతి వెనక్కి పోలేదు, నిలబడి వాదించింది. తర్వాత ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91తో మూడో స్థానంలో వచ్చింది, చైనా అమ్మాయిపై వేటు పడ్డాక రజతం అయింది.

ఇంట్లో అందరూ నన్నే అడిగారు, "ఏం జరుగుతోంది, మన పిల్లను ఎందుకు పొమ్మంటున్నారు?" అని. ఎందుకంటే మా టీవీలో మాట్లాడేవాళ్లు "డ్రామా, డ్రామా" అని అరవడమే తప్ప రూలు చెప్పలేదు. 2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్టుకే బయటికి పంపుతారు. వేరొకరి కదలికకు స్పందించి కదిలితే మాత్రం అది నీ తప్పు కాదని వాదించుకునే హక్కుంది, నిరసన నమోదు చేసి పరుగెత్తే అవకాశముంది. ఈ రెండు వాక్యాలు చాలు! మా అత్తమ్మకు నేను చెప్తే అర నిమిషంలో అర్థమయింది. "అయితే మన పిల్ల ధైర్యంగల్లదే" అంది. కోట్ల మంది చూసే చోట ఆ రెండు వాక్యాలు చెప్పే మనిషిని కూర్చోబెట్టలేరా?

ఇంకో మాట. హర్డిల్స్ అంటే మొదటి హర్డిల్ దాకా 13 మీటర్లు, తర్వాత ఒక్కోదానికీ 8.5 మీటర్లు, మధ్యలో మూడే మూడు అడుగులు. పది హర్డిల్స్. ఎత్తు 83.8 సెంటీమీటర్లు. ఎవరి రిథమ్ ఏ హర్డిల్ దగ్గర చెదిరిందో పక్క నుంచి తీసిన నెమ్మది దృశ్యంలో అద్దంలా కనిపిస్తుంది. ఆ దృశ్యం రాగానే మావాళ్లు కోసేసి గెలిచినవాళ్ల ముఖం చూపిస్తారు. నాకు ముఖం వద్దు. ఆ ఏడో హర్డిల్ మీద వెనక కాలు చూపించండి చాలు.

అలిపిరి_అంజి | 19 సెప్టెంబరు, రాత్రి 9.20

అక్కా, ఆ రూలు నాకు ఇప్పుడే తెలిసింది. రెండేళ్లు ఆ చైనా అమ్మాయి కావాలనే చేసిందని తిట్టుకుంటా ఉన్నా.

పుత్తూరు_కేబుల్ | 20 సెప్టెంబరు, ఉదయం 10.30

నేను పుత్తూరు పక్కన కేబుల్ నడుపుతా ఉండా, 19 ఏండ్లుగా. నా ఫోనుకు వచ్చే తిట్లు మీకు తెలీవు. "మ్యాచ్ రాలేదు, నువ్వే తీసేసినావు" అంటారు. అందుకే కొంచెం చెప్పాలని ఉండాది.

2019 ఫిబ్రవరి నుంచి టీవీ ప్రసారాలను నియంత్రించే ట్రాయ్ కొత్త పద్ధతి వచ్చినాక ఎవురికి కావాల్సిన ఛానల్ వాళ్లు ఎంచుకుని దానికే డబ్బు కట్టాల. మన పక్క ఇండ్లల్లో సీరియళ్లు, సినిమాలు, ఒక స్పోర్ట్స్ ఛానల్. ఆ ఒక్కటి క్రికెట్ వచ్చేదే తీసుకుంటారు. అథ్లెటిక్స్, హాకీ, బ్యాడ్మింటన్ ఎక్కువసార్లు రెండోదాంట్లోనో మూడోదాంట్లోనో వేస్తారు. అది ప్యాకులో ఉండదు. ఆ రోజు పొద్దున ఫోన్ చేసి "అన్నా, సాయంత్రానికి కావాల" అంటే నేను పెట్టిస్తా, కానీ ఒక్క పోటీకి నెల డబ్బులెందుకని శానా మంది వదిలేస్తారు.

ఇంకోటి. "దూరదర్శన్‌లో ఉచితంగా రావాలి కదా, చట్టం ఉండాది కదా" అని అడుగుతారు. ఉండాది. 2007 చట్టం. దేశానికి ముఖ్యమైనవని ప్రభుత్వం ప్రకటించిన పోటీలను ప్రైవేటు ఛానల్ కొన్నా, ఆ సిగ్నల్‌ను ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి ఇవ్వాల. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు ఆ లెక్కలోవే. దాని మీద వచ్చే ప్రకటనల డబ్బులో నూటికి 75 వంతులకు తగ్గకుండా హక్కుదారుకు, మిగిలింది ప్రసార భారతికి. అయితే 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినాక ఆ పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకూ ఫ్రీ డిష్‌కూ మాత్రమే. మా కేబుల్ మీద, ప్రైవేటు డిష్‌ల మీద అది రాకూడదు. దూరదర్శన్ మా దాంట్లో వస్తా ఉన్నా ఆ పోటీ టైముకు వేరే కార్యక్రమం కనిపించేది అందుకే. నన్ను తిట్టి లాభం లేదు. ఎవురైనా నిజంగా ఉచితంగా చూడాలంటే ఫ్రీ డిష్ గొడుగు ఒకటి మిద్దె మీద పెట్టుకోండి, నెల బాడుగ లేదు. బడికైతే ఇంకా మేలు. లాంగ్‌జంప్ సారూ, మీకు కావాలంటే నేనే వచ్చి బిగిస్తా, కూలి వద్దు.

లాంగ్‌జంప్_సార్ | 20 సెప్టెంబరు, ఉదయం 10.55

అన్నా, ఆ మాటకే చేతులెత్తి దండం. హెడ్మాస్టర్ గారితో మాట్లాడి చెప్తా.

చర్చివీధి_పెద్దాయన (చిత్తూరు) | 20 సెప్టెంబరు, సాయంత్రం 4.40

మీ చర్చ మా మనవరాలు చదివి వినిపించింది. నేను చెప్తుంటే తనే టైపు చేస్తోంది.

నా వయసు వాళ్లకు ఆటలు చెవులతో మొదలయ్యాయి. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో హాకీ ప్రపంచకప్ ఫైనల్, పాకిస్తాన్ మీద 2-1. మా వీధిలో ఒకే ఇంట్లో మంచి రేడియో. జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానం. మాలో ఎవరికీ హిందీ సరిగా రాదు. అయినా బంతి కుడి పక్కన ఉందా, డి లోపలికి వచ్చిందా, ఎవరి కర్ర మీద ఉందో మాకు తెలిసేది. ఆయన బంతిని వదిలిపెట్టేవాడు కాదు. ఒక ఆటగాడి ఇంటి కథ చెప్పడానికి ఆటను ఆపేవాడు కాదు. కళ్లు లేనివాడికి చూపించినట్టు చెప్పేవాడు. ఇప్పుడు తెర నిండా బొమ్మ ఉండి కూడా ఆట ఎక్కడుందో తెలియడం లేదు.

1984లో పి.టి. ఉష లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో నాలుగో స్థానం. పేపర్లో చదివాను. 55.42. కాంస్యం 55.41. ఆ రెండు అంకెలు నేను ఇంట్లో గోడ మీద బొగ్గుతో రాసుకున్నా, మా అమ్మ తిట్టింది. సున్నం వేసేదాకా అవి అట్లే ఉన్నాయి. నాలుగో స్థానాన్ని అంత బాధగా, అంత ప్రేమగా గుర్తుపెట్టుకున్న దేశం మనది. అట్లాంటిది నాలుగో స్థానంలో నిలిచిన కుర్రవాడి ఆఖరి త్రో చూపించలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

2000 సిడ్నీ మాత్రం కళ్లారా చూశాను. కరణం మల్లేశ్వరి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఆఖరి ప్రయత్నానికి ఏకంగా 137.5 అడిగింది. అది లేస్తే స్వర్ణం. లేవలేదు, కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ మన శ్రీకాకుళం బిడ్డ. ఏడున్నర కిలోలు ఎందుకు పెంచారు, అటు ముందున్న వాళ్ల మొత్తం 242.5 అయినప్పుడు రెండున్నర పెంచితే చాలదా అని మేం నెల రోజులు టీకొట్టు దగ్గర వాదించుకున్నాం. ఎందుకు వాదించగలిగాం? ప్రతి ప్రయత్నం ముందు బరువు ఎంతో తెర మీద ఉంది, ప్రతి లిఫ్టరూ కనబడింది. చూపిస్తే జనం వాదించుకుంటారు. వాదించుకునేవాళ్లే రేపూ చూస్తారు.

నగరి_నుంచి | 20 సెప్టెంబరు, సాయంత్రం 6.10

తాతా, మీ మాటకు నేను తలవంచుతున్నా. ఆ 242.5 సంగతి నాకు తెలియదు.

కాళహస్తి_కట్‌రూం | 20 సెప్టెంబరు, రాత్రి 11.45

నేను హైదరాబాద్‌లో ఛానళ్లలో ఎడిటింగ్ చేశాను, ఇప్పుడు సొంతూరు వచ్చేశాను. లోపల ఎలా నడుస్తుందో రాస్తే మీ కోపం సరైన చోటికి పోతుందని రాస్తున్నా.

టోక్యోలో కనిపించే బొమ్మ మన ఛానల్ తీసేది కాదు. నిర్వాహకుల తరఫున ఒక సంస్థ అన్ని దేశాలకూ కలిపి తీస్తుంది. ఒలింపిక్స్‌కైతే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2001లో ఇందుకే ప్రత్యేకంగా ఓబీఎస్ అనే సంస్థ పెట్టింది. వాళ్లు ఏ దేశం పక్షమూ వహించకుండా తీస్తారు. అథ్లెటిక్స్‌లో ఒకేసారి ట్రాక్ మీద పరుగు, అటు దూకడం, ఇటు విసరడం జరుగుతాయి. అందుకే అన్నీ కలిపిన ప్రధాన ఫీడ్ (ఛానళ్లకు నేరుగా పంపే దృశ్యం) ఒకటుంటుంది. త్రోలకు వేరుగా, జంప్‌లకు వేరుగా విడి ఫీడ్లు కూడా పంపుతారు. ప్రధాన ఫీడ్‌లో పరుగు మొదలైతే ఆ రెండు నిమిషాల్లో పడిన త్రోలను తర్వాత రికార్డు చేసి చూపిస్తారు. ఇక్కడి గదిలో కూర్చున్న ప్రొడ్యూసర్ ఆ విడి ఫీడ్ తీసుకుంటే పన్నెండు మందీ కనిపిస్తారు. ప్రధాన ఫీడ్ ఒక్కటే తీసుకుంటే సగం పోతారు. దాని మీద ప్రకటనలు వేస్తే మిగతా సగంలో సగం పోతారు.

ఇక ప్రకటనల లెక్క. క్రికెట్‌లో ఓవర్ ఓవర్‌కూ సహజంగా ఖాళీ వస్తుంది. బల్లెంలో ఆ ఖాళీ లేదు. ఒక్కొక్కరికి నిమిషం గడువు, పన్నెండు మంది, కాబట్టి రౌండు పది పన్నెండు నిమిషాలు ఆగకుండా నడుస్తుంది. ఏ బ్రేక్ వేసినా ఎవరో ఒకరి త్రో మీద పడాల్సిందే. అక్కడే నిర్ణయం. "జనం ఒక్కడి కోసమే చూస్తున్నారు" అని గదిలో ఒకసారి అనుకున్నారంటే, మిగతా పదకొండు మంది ప్రకటనలకు దొరికిన ఖాళీ జాగా అయిపోతారు. ఎవరూ చెడ్డ మనసుతో చేయరు. టీవీ వాళ్లు ముందే అమ్మేసిన సెకన్లు ఎక్కడో ఒక చోట పూర్తి చేయాలి. నా చేత్తో నేనూ అలాంటి బ్రేకులు వేశాను, ఆ నొక్కిన బటన్ గుర్తొస్తే ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంటుంది.

దీనికి దారి లేక కాదు. క్రికెట్‌లో బొమ్మను కొంచెం కుదించి పక్కన, కింద ప్రకటన నడపడం మనం రోజూ చూస్తున్నాం. బల్లెంకూ అదే చేయొచ్చు. త్రో పోదు, డబ్బూ పోదు. అదే పట్టీలో పన్నెండు మంది పేర్లు, దూరాలు పెడితే పాప నోటుబుక్కు నిండేది. ఇందుకు కొత్త కెమెరా అక్కర్లేదు, కొత్త హక్కులు కొననక్కర్లేదు.

వ్యాఖ్యానం గురించి అక్క అన్నది కూడా నిజం. చాలాసార్లు వ్యాఖ్యాతలు స్టేడియంలో ఉండరు, మన దేశంలోనే స్టూడియోలో తెర చూసి చెబుతారు. తెర మీద లేనిది వాళ్లకూ తెలియదు. అందుకే ఖాళీ నింపడానికి పాత కథలు వస్తాయి.

హర్డిల్స్_అక్క | 21 సెప్టెంబరు, ఉదయం 6.30

కట్‌రూం గారూ, ఇది చదివాక నా కోపం కొంచెం దిగింది, బాధ మాత్రం పెరిగింది. చేయగలిగి చేయకపోవడం ఇంకా బాధ కదా.

అదే గురువారం సాయంత్రం మహిళల 400 మీటర్ల ఫైనల్‌లో సిడ్నీ మెక్‌లాఫ్లిన్ 47.78 పరుగెత్తింది. 1985లో కాన్‌బెర్రాలో మరీటా కాఖ్ పెట్టిన ప్రపంచ రికార్డు 47.60. నలభై ఏళ్లుగా ఎవరూ దాని దరిదాపులకు పోలేదు. ఈ అమ్మాయి సెకనులో వందకు 18 వంతుల దూరం దాకా వచ్చింది. మన వాళ్ల పోటీ అయిపోయిందని మా ఇంట్లో అప్పటికే టీవీ కట్టేశారు. నేను మర్నాడు ఫోన్లో చూసి ఏడ్చాను. సంతోషంతోనే. మన జెండా లేకపోతే ఆట కాదని మా పిల్లలకు ఎవరు నేర్పారు? "మనవాళ్లు అయిపోయారు, ఇక సెలవు" అని తెర మీద వాళ్లు అంటూ ఉంటే పిల్లలకు అదే కదా అలవాటు అవుతుంది.

అలిపిరి_అంజి | 21 సెప్టెంబరు, ఉదయం 7.05

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోనక్కా. మనోళ్లను ముందు చూపించాల. అవినాశ్ సాబ్లే బర్మింగ్‌హామ్ స్టీపుల్‌చేజ్‌లో (అడ్డాలు, నీటిగుంట దాటే పరుగు) 8:11.20 పరుగెత్తి స్వర్ణాన్ని 0.05 సెకన్లలో పోగొట్టుకున్న రోజు నేను ఒంటరిగా గదిలో అరిచినా. 1998 నుంచి 2018 దాకా కామన్వెల్త్‌లో ఆ పోటీ మూడు పతకాలూ కెన్యాకే పోయినాయి, మనోడు వాళ్ల మధ్యలో దూరినాడు. ఆ అరుపు అమెరికా అమ్మాయి పరుగుకు నాకు రాదు. అది తప్పా?

హర్డిల్స్_అక్క | 21 సెప్టెంబరు, ఉదయం 7.40

తప్పు కాదు అంజీ. కానీ చూడు, నువ్వే రాశావు. కెన్యావాళ్లు అంతకుముందు ఇరవై ఏళ్లు ఏం చేశారో తెలుసు కాబట్టే సాబ్లే రజతానికి నీకు అరుపు వచ్చింది. ఎదుటివాళ్లను చూపించకపోతే మనవాడి గొప్పతనం కూడా కనబడదు.

కుప్పం_గోల్‌పోస్ట్ | 21 సెప్టెంబరు, మధ్యాహ్నం 12.15

ఎవరూ హాకీ గురించి ఎత్తలేదు, నేను ఎత్తుతా. మన పాత చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం నుంచి ఇ. రజని భారత మహిళల హాకీ గోల్‌కీపర్ అయింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులో ఉంది. నేను స్కూల్లో గోల్‌కీపర్‌గా ఆడతా. టీవీలో గోల్‌కీపర్‌ను ఎప్పుడు చూపిస్తారు? గోల్ పడినప్పుడు, లేదా పెనాల్టీ కార్నర్ ఆపినప్పుడు. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు ఆమె ఎక్కడ నిలబడుతుంది, డిఫెండర్లకు ఏమని కేకలేస్తుంది, ఎంత ముందుకు వస్తుంది, ఇవి నాకు కావాలి. టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన మ్యాచ్‌ను ఫోన్‌లో ఆపి ఆపి చూశాను, మన గోల్‌కీపర్ సవిత కాళ్లు ఎక్కడున్నాయో అని. సగం చోట్ల ఫ్రేములోనే లేదు.

నగరి_నుంచి | 21 సెప్టెంబరు, మధ్యాహ్నం 3.30

చెల్లీ, నీ మాట చదివాక నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నా. "ఓపిక అందరికీ ఉండదు" అని రాశాను. నా లాంటి ప్రేక్షకుడి సంగతే ఆలోచించాను. నేర్చుకోవడానికి చూసేవాళ్లు ఉంటారని తట్టలేదు. ప్రకటనలు ఉండాలనే ఇప్పటికీ అంటా, కానీ కట్‌రూం అన్న చెప్పినట్టు పక్కకు జరిపి వేయమని మనమందరం కలిసి ఛానల్‌కు రాద్దాం. తెలుగులో రాసేది నేను, ఇంగ్లీషులోకి మార్చేది ఎవరైనా చూడండి.

సార్, ఈలోగా ఒక పని చేశాను. ఫలితాలు చూసి, మనవాళ్లిద్దరి వరుసలు పాప కోసం రాసిపెట్టా. మిగతావాళ్లవి రాత్రికి పెడతా.

సచిన్: 86.27, ఫౌల్, 85.71, 84.90, 85.96, 80.95.
నీరజ్: 83.65, 84.03, ఫౌల్, 82.86, ఫౌల్.

పైన ముగ్గురి అత్యుత్తమాలు: కెషోర్న్ వాల్కాట్ 88.16, ఆండర్సన్ పీటర్స్ 87.38, కర్టిస్ థాంప్సన్ 86.67.

లాంగ్‌జంప్_సార్ | 22 సెప్టెంబరు, రాత్రి 8.15

తమ్ముడూ, నీ మేలు మరిచిపోను. ఈ పొద్దున గ్రౌండులో పాపకు నోటుబుక్కు తిరిగిచ్చి నీ అంకెలు చదివాను. మెట్ల మీద కూర్చుని, ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటే రబ్బరుతో చెరిపి వాటి మీద రాసుకుంది. సచిన్ వరుస పూర్తయ్యాక వేలు పెట్టి లెక్క వేసింది. అయిదోసారి 85.96 వేశాడంటే కాంస్యానికి 71 సెంటీమీటర్లు తక్కువ, అంటే చేయి ఇంకా బాగానే ఉంది అంది. నిజమే అన్నాను.

తర్వాత ఆఖరి గడి మీద వేలు ఆగింది. "అయిదోసారి 85.96 వేసినోడు ఆరోసారి 80.95 ఎందుకేసినాడు సార్? పరుగు తప్పినాదా, బల్లెం ఎత్తుకు లేచిపోయినాదా?" అని అడిగింది. తనకూ అదే తప్పు వస్తోంది, ఆఖరి త్రోకి ఎక్కడ లేని బలమూ పెట్టి మొన పైకి లేపేస్తుంది. అందుకే అడిగింది.

నేను ఆ త్రో చూడలేదు. చూడలేదనే చెప్పాను.

మీలో ఎవరైనా ఆ ఆరో త్రో పూర్తిగా చూసి ఉంటే, ఆఖరి అడుగులు ఎలా పడ్డాయి, ఏ కాలు మీద ఆగాడు, బల్లెం ఏ కోణంలో పోయింది, గుర్తున్నంత రాయండి. రేపు ఆరింటికి పాప మళ్లీ అడుగుతుంది.